టీసీఈ పోయినంత మాత్రాన నీరు బాగుపడదు

అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో డోవర్ వైమానిక స్థావరం ఉంది. దాని కింద భూగర్భజలంలో టీసీఈ, అంటే ట్రైక్లోరోఎథిలీన్ కలిసింది. లోహపు భాగాలకు పట్టిన గ్రీజును వదిలించడానికి ప్రపంచమంతా దశాబ్దాల పాటు వాడిన ద్రావకం ఇది. 1990లలో అక్కడ ఒక చిన్న భాగాన్ని ఎంచుకుని, బావుల్లోంచి నీరు తోడి, దానికి ల్యాక్టేట్ (ల్యాక్టిక్ ఆమ్లపు లవణం), పోషకాలు కలిపి మళ్లీ నేలలోకే ఎక్కించారు. నేలలో ఉన్న బ్యాక్టీరియాకు మేత దొరికితే ద్రావకాన్ని విరగ్గొడుతుందన్నది ఆలోచన. టీసీఈ నిజంగానే పోయింది. కానీ అది పోయి సిస్-డీసీఈ అనే మరో క్లోరిన్ పదార్థం వచ్చింది, పని అక్కడే ఆగిపోయింది. 269 రోజులు మేత వేసినా ఒక్క అడుగు ముందుకు పడలేదు.

అప్పుడు ఫ్లోరిడాలోని లార్గో పట్టణం దగ్గరి పినెల్లాస్ స్థలం నుంచి తెచ్చిన బ్యాక్టీరియా కల్చర్‌ను, అంటే పెంచిన బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని, ఆ నీటిలోకి ఎక్కించారు. సుమారు 90 రోజులు ఏ మార్పూ లేదు. ఆ తర్వాత వినైల్ క్లోరైడ్, దాని వెనకే క్లోరిన్ లేని ఈథీన్ కనిపించసాగాయి. 509వ రోజుకల్లా టీసీఈ, డీసీఈ రెండూ ఈథీన్‌గా మారిపోయాయి. మేత అదే, నేల అదే. తేడా అంతా ఫలానా రకం బ్యాక్టీరియా ఉందా లేదా అన్నదే.

భూగర్భజలాన్ని శుద్ధి చేసే ఈ రంగంలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ తేడా తెలియక కాదు, తెలిసీ లెక్క కట్టకపోవడం వల్ల. “టీసీఈ 99 శాతం తగ్గింది” అన్న వాక్యం నివేదికలో బాగుంటుంది. అది ఏమైందో చెప్పకపోతే మాత్రం ఆ వాక్యానికి విలువ లేదు.

క్లోరిన్ ఒక్కొక్కటిగా ఊడాలి

పీసీఈ, అంటే టెట్రాక్లోరోఎథిలీన్‌లో నాలుగు క్లోరిన్ పరమాణువులు ఉంటాయి. డ్రైక్లీనింగ్ దుకాణాలు వాడేది ఇదే. టీసీఈలో మూడు, సిస్-డీసీఈలో రెండు, వినైల్ క్లోరైడ్‌లో ఒకటి. చివరికి మిగిలే ఈథీన్‌లో ఒక్కటీ ఉండదు. అది కాయలను మాగబెట్టే వాయువు, తాగే నీటిలో అతి తక్కువ మోతాదులో ఉన్నా హాని లేనిది. ఆక్సిజన్ లేని చోట కొన్ని బ్యాక్టీరియాలు ఈ క్లోరిన్ పదార్థాలనే ఊపిరిగా వాడుకుంటాయి. మనం పీల్చిన ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను అందుకున్నట్టే వాటికి క్లోరిన్ పదార్థం అందుకుంటుంది. ఒక్కో క్లోరిన్ ఊడినప్పుడల్లా ఒక హైడ్రోజన్ పరమాణువు దాని స్థానంలోకి వస్తుంది, కొంత ఆమ్లం పుడుతుంది.

ప్రమాదమంతా ఈ మెట్లలో మూడో దగ్గర ఉంది. అమెరికా తాగునీటి పరిమితుల ప్రకారం టీసీఈ, పీసీఈ లీటరుకు 5 మైక్రోగ్రాముల లోపు ఉండాలి, సిస్-డీసీఈ 70 వరకు ఉండొచ్చు. వినైల్ క్లోరైడ్‌కు మాత్రం పరిమితి 2 మైక్రోగ్రాములే. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ఎప్పుడో తేలింది. పైగా వాయువు, నేల పగుళ్ల గుండా ఇళ్ల గదుల్లోకి చేరుతుంది. టీసీఈని సగంలో వదిలేస్తే నీరు మొదటికంటే ప్రమాదకరం కావచ్చు.

పీసీఈ నుంచి సిస్-డీసీఈ దాకా తీసుకెళ్లే బ్యాక్టీరియాలు చాలా ఉన్నాయి. జియోబ్యాక్టర్ లవ్లీ, సల్ఫ్యూరోస్పిరిల్లమ్, డీహాలోబ్యాక్టర్ లాంటివి చాలా నేలల్లో ఉంటాయి, కొంచెం మేత వేస్తే చాలు లేస్తాయి. సిస్-డీసీఈ నుంచి ఈథీన్ దాకా పోయే వాటిలో క్షేత్రంలో నమ్మదగినది దాదాపు ఒక్కటే. దాని పేరు డీహాలోకొక్కోయిడిస్ మెకార్టీ. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మేమో-గాటెల్, జిండర్, గాసెట్ బృందం దీన్ని శుద్ధ కల్చర్‌గా వేరుచేసి ప్రకటించింది. నమూనా దొరికింది ఇథాకా పట్టణపు మురుగునీటి శుద్ధి కేంద్రంలో, బురదను కుళ్లబెట్టే ట్యాంకులో.

ఇది విచిత్రమైన జీవి. వెడల్పు సుమారు అర మైక్రాన్ ఉండే చదునైన బిళ్ల. దీనికి పెప్టిడోగ్లైకాన్ గోడ లేదు. మేతగా హైడ్రోజన్ తప్ప మరేదీ తీసుకోదు, కార్బన్‌కు అసిటేట్ కావాలి, ఊపిరికి క్లోరిన్ పదార్థాలే కావాలి. తన ఎంజైములకు కావలసిన విటమిన్ బీ-12ను తానే తయారు చేసుకోలేదు, పక్కనున్న ఇతర బ్యాక్టీరియాల దగ్గర తీసుకుంటుంది. అందుకే శుద్ధమైన ఒంటరి కల్చర్ క్షేత్రంలో పనికి రాదు, కలిసి బతికే గుంపు కావాలి. వ్యాపారంగా దొరికే కల్చర్లన్నీ గుంపులే. వాటిలో పేరున్న కేబీ-1 కల్చర్ కెనడాలోని దక్షిణ ఒంటారియోలో టీసీఈ కలిసిన ఒక స్థలపు నేలనుంచి పెంచినది.

డీహాలోకొక్కోయిడిస్ ఉంటే చాలదు. ఇథాకాలో దొరికిన 195 అనే రకానికి వినైల్ క్లోరైడ్ మీద బతకడం రాదు. ఇతర పదార్థాలను విరగ్గొడుతుంటే ఆ పని నెమ్మదిగా, పక్కపనిగా జరుగుతుంది. వినైల్ క్లోరైడ్‌ను నిజమైన ఊపిరిగా వాడుకునే రకాల్లో వీసీఆర్ఏ లేదా బీవీసీఏ అనే జన్యువు ఉంటుంది. కాబట్టి నీటి నమూనాలో డీహాలోకొక్కోయిడిస్ లెక్క ఎంత అన్నదానితో పాటు ఆ రెండు జన్యువుల లెక్క ఎంత అని కూడా ప్రయోగశాలను అడగాలి. లీటరుకు కోటి ప్రతులు ఉంటే పని చురుగ్గా సాగుతుందని క్షేత్రానుభవం. పది లక్షల దగ్గర ఉంటే ఏదో జరుగుతుంది గానీ ఎప్పటికి ముగుస్తుందో చెప్పలేం.

మేత లెక్క: తినేవాళ్లు వేరు

మేత ఎంత వేయాలన్నది టీసీఈ ఎంత ఉందన్నదాన్ని బట్టి ఉంటుందని అనుకోవడం సహజం. అది తప్పు. ఆక్సిజన్, నైట్రేట్, సల్ఫేట్ ఈ మూడూ ఎలక్ట్రాన్ల కోసం పోటీ పడతాయి. బంతి భోజనంలో టీసీఈకి పడేది చివరి ఆకే.

లెక్క వేస్తే విషయం బోధపడుతుంది. ఒక కిలో టీసీఈని పూర్తిగా ఈథీన్ చేయడానికి 46 గ్రాముల హైడ్రోజన్ చాలు. కిలో సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చడానికి 84 గ్రాములు, కిలో నైట్రేట్‌ను నైట్రోజన్‌గా మార్చడానికి 81, కిలో ఆక్సిజన్‌కు 126 గ్రాములు పోతాయి. ఇప్పుడు ఊహించిన ఒక బోరు నీటిని తీసుకుందాం. లీటరుకు టీసీఈ 10 మిల్లీగ్రాములు, సల్ఫేట్ 200, నైట్రేట్ 40, ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములు. హైడ్రోజన్ రూపంలో కావలసిన మేత చూస్తే టీసీఈకి 0.46 మిల్లీగ్రాములు, సల్ఫేట్‌కు 16.8, నైట్రేట్‌కు 3.2, ఆక్సిజన్‌కు 0.6. మొత్తం 21 మిల్లీగ్రాములు. వేసిన మేతలో టీసీఈకి చేరేది రెండు శాతమే. టీసీఈ 10 నుంచి 1 మిల్లీగ్రాముకు తగ్గినా మేత బిల్లు తగ్గదు. సల్ఫేట్ రెండింతలైతే మాత్రం బిల్లు దాదాపు రెండింతలవుతుంది. ప్రాజెక్టు ధర అడిగే ముందు సల్ఫేట్ పరీక్ష చేయించాలనేది అందుకే.

ఇదే నీటికి అడ్డుగోడలా ఒక మేత పట్టీ వేయాలనుకుందాం. కలుషిత ప్రవాహానికి అడ్డంగా 30 మీటర్ల పొడవు, ప్రవాహం దిశలో 6 మీటర్ల మందం, 10 మీటర్ల లోతు. ఇసుక నేలలో ఖాళీలు 25 శాతం అనుకుంటే అందులో పట్టే నీరు 450 ఘనపు మీటర్లు. నీరు రోజుకు 10 సెంటీమీటర్లు కదిలితే మూడేళ్లలో ఆ పట్టీ గుండా మరో 8,200 ఘనపు మీటర్లు పోతుంది. మొత్తం నీటికి 183 కిలోల హైడ్రోజన్‌కు సమానమైన మేత కావాలి. సోయా నూనెలో కిలోకు సుమారు 0.36 కిలోల హైడ్రోజన్‌కు సమానమైన ఎలక్ట్రాన్లు ఉంటాయి. లెక్కకు 500 కిలోల పైచిలుకు నూనె. మీథేన్ తయారీకి పోయేది, బావి చుట్టూ సమంగా పరుచుకోకపోవడం, నేలలోని ఇనుము తినేది, వీటన్నిటి కోసం రెండు మూడింతలు వేస్తారు. అంటే 1,000 నుంచి 1,500 కిలోలు.

సోయా నూనెను అలాగే పోస్తే తేలిపోతుంది, ఖాళీలు మూసుకుపోతాయి. అందుకే దాన్ని ఒక మైక్రాన్ అంత చిన్న బిందువులుగా నీటిలో కలిపి ఎమల్షన్ చేసి అమ్ముతారు, చూడటానికి పాలలా ఉంటుంది. బిందువులు ఇసుక రేణువులకు అంటుకుని, కుళ్లుతూ, నెమ్మదిగా హైడ్రోజన్ ఇస్తాయి. ఒకసారి వేస్తే సాధారణంగా రెండు మూడేళ్లు పనిచేస్తుంది. ల్యాక్టేట్, మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే మడ్డి) దీనికి వ్యతిరేకం. చవక, వేగం, వారాల్లో ఖర్చైపోతాయి. ఎమల్షన్‌తో పాటు కొంచెం ల్యాక్టేట్ కలిపి వేయడం మంచి పద్ధతి, మొదటి వారాల్లో ఆక్సిజన్‌ను అదే తినేస్తుంది.

నెమ్మదిగా ఇవ్వడంలో ఇంకో లాభం ఉంది. హైడ్రోజన్ ఎక్కువగా ఉన్నప్పుడు మీథేన్ తయారుచేసే జీవులు గెలుస్తాయి. హైడ్రోజన్ కొన్ని నానోమోలార్లకు తగ్గినప్పుడు అవి ఆకలితో ఆగుతాయి, డీహాలోకొక్కోయిడిస్ మాత్రం ఇంకా తినగలుగుతుంది. మొలాసిస్ ఒకేసారి గుమ్మరించిన చోట మీథేన్ ఎక్కువ, ఈథీన్ తక్కువ రావడానికి ఒక కారణం ఇదే.

ఎక్కించడం

పైన చెప్పిన పట్టీకి బావుల మధ్య దూరం 3 మీటర్లు ఉంచి, రెండు వరుసల్లో 20 బావులు వేయాలి. ఒక్కో బావి చుట్టూ ఒకటిన్నర మీటరు దాకా ద్రవం చేరాలంటే 10 మీటర్ల లోతుకు సుమారు 17,700 లీటర్లు పట్టాలి. నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఎక్కిస్తే ఒక బావికి ముప్పై గంటలు. నాలుగైదు బావులను ఒకే పైపు నుంచి కలిపి నడుపుతారు, ఒక్కో దానికి వేరే మీటరు పెట్టి. పని తొందరలో పంపు ఒత్తిడి పెంచితే నేల చీలుతుంది. ద్రవం పక్కకు పరుచుకోకుండా ఆ చీలికలోంచి నేల మీదకి వస్తుంది. పాత బోరుగుంత, సరిగా సిమెంటు పోయని పరిశీలన బావి, కరెంటు స్తంభం కోసం తవ్విన గుంత, ఇవన్నీ అది బయటపడే దారులే. పక్క బావిలో పాలనీళ్లు కనిపిస్తే వెంటనే ఆపి, సగం వేగంతో మళ్లీ మొదలుపెట్టాలి.

కలపడానికి వాడే నీటి సంగతి చాలామంది పట్టించుకోరు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, ఆక్సిజన్ 6 నుంచి 8 మిల్లీగ్రాములు ఉంటుంది. మేత ద్రవానికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. బ్యాక్టీరియాను ఎక్కించే నీటికి మాత్రం ఇది విషం. ఆ నీటిని ఆ స్థలంలోని బావి నుంచే తోడి, మూతపెట్టిన ట్యాంకులో ల్యాక్టేట్ కలిపి, ఆక్సిజన్ 0.2 మిల్లీగ్రాముల లోపు పడే దాకా రోజుల తరబడి నిల్వ ఉంచాలి. తొందరైతే సోడియం సల్ఫైట్ లాంటి ఆక్సిజన్ పీల్చే రసాయనం కలుపుతారు. కుళాయి నీరే వాడాల్సి వస్తే థయోసల్ఫేట్‌తో ముందు క్లోరిన్ తీసేయాలి.

మేత వేసిన రోజునే బ్యాక్టీరియా కూడా వేసేస్తే ఒక ప్రయాణం కలిసొస్తుంది, కానీ సరైన స్థితి లేని చోట వేసిన కల్చర్ వృథా. నేలలో ఆక్సిజన్ 0.2 మిల్లీగ్రాముల లోపు, ఓఆర్పీ (నీటి ఆక్సీకరణ-క్షయకరణ స్థాయి) మైనస్ 75 మిల్లీవోల్టుల కింద, పీహెచ్ 6 నుంచి 8 మధ్య ఉండాలి. సల్ఫేట్ తగ్గడం మొదలైతే ఇంకా మంచిది. ఇందుకు కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు పడుతుంది. కల్చర్ స్టెయిన్‌లెస్ స్టీలు పీపాల్లో నైట్రోజన్ లేదా ఆర్గాన్ ఒత్తిడి కింద వస్తుంది. పీపా నుంచి బావి దాకా అంతా మూసిన గొట్టమే ఉండాలి, ముందుగా గొట్టంలోని గాలిని అదే వాయువుతో నెట్టేయాలి. మంచి కల్చర్‌లో లీటరుకు దాదాపు 10 వేల కోట్ల డీహాలోకొక్కోయిడిస్ కణాలుంటాయి. 450 ఘనపు మీటర్ల నీటిలో లీటరుకు కోటి చొప్పున రావాలంటే 45 లీటర్లు సరిపోతాయి, అంటే ఒక్కో బావికి రెండు లీటర్ల పైన. ముందు కొన్ని వందల లీటర్ల ఆక్సిజన్ లేని నీరు, తర్వాత కల్చర్, తర్వాత మళ్లీ అంతే నీరు. రెండు లీటర్లు బావి గొట్టంలోనే కూర్చుంటే లాభం లేదు, వెనకొచ్చే నీరే దాన్ని ఇసుకలోకి నెట్టాలి.

టెక్సాస్‌లోని కెల్లీ వైమానిక స్థావరంలో 2000 సంవత్సరంలో చేసిన ప్రయోగంలో కేబీ-1 కల్చర్ 13 లీటర్లే పోశారు. అక్కడా ముందు మిథనాల్, అసిటేట్ మేతతో పీసీఈ సిస్-డీసీఈ దగ్గర ఆగింది. కల్చర్ వేశాక 52 రోజులకు వినైల్ క్లోరైడ్ కనిపించింది. 200 రోజుల్లోపు పీసీఈ, టీసీఈ, సిస్-డీసీఈ మూడూ లీటరుకు 5 మైక్రోగ్రాముల కిందికి దిగాయి. పక్కనే కల్చర్ వేయకుండా వదిలిన రెండు క్షేత్రాల్లో ఇది జరగలేదు. డోవర్, కెల్లీ ఫలితాలు రెండూ కలిసే ఈ పద్ధతిని ప్రయోగశాల నుంచి మార్కెట్టుకు తెచ్చాయి.

ఫలితాలను బరువుల్లో చదవకూడదు

ప్రయోగశాల ఇచ్చే కాగితంలో అంకెలన్నీ మైక్రోగ్రాముల్లో ఉంటాయి. వాటిని అలాగే గీతలుగా గీస్తే మోసపోతారు. క్లోరిన్ ఊడేకొద్దీ అణువు తేలికవుతుంది కాబట్టి, ఏమీ పోకపోయినా బరువు తగ్గుతుంది. లీటరుకు 1,000 మైక్రోగ్రాముల టీసీఈ పూర్తిగా మారితే 737 మైక్రోగ్రాముల సిస్-డీసీఈ, లేదా 476 వినైల్ క్లోరైడ్, లేదా 213 ఈథీన్ వస్తాయి. ప్రతి అంకెనూ అణుభారంతో భాగించి మైక్రోమోల్స్‌లోకి, అంటే అణువుల సంఖ్య లెక్కలోకి మార్చాలి. టీసీఈకి 131.4, సిస్-డీసీఈకి 96.9, వినైల్ క్లోరైడ్‌కు 62.5, ఈథీన్‌కు 28.

ఒక ఉదాహరణ. మొదట టీసీఈ 10,000 మైక్రోగ్రాములు, అంటే 76 మైక్రోమోల్స్. తొమ్మిది నెలల తర్వాత కాగితంలో టీసీఈ 50, సిస్-డీసీఈ 5,800, వినైల్ క్లోరైడ్ 500, ఈథీన్ 20. టీసీఈ 99.5 శాతం పోయింది, మొత్తం బరువు దాదాపు 36 శాతం తగ్గింది, ఎవరికైనా సంతోషమే. మోల్స్‌లో చూస్తే 0.4, 59.9, 8, 0.7. కలిపితే 69. మొదటి 76కూ దీనికీ ఉన్న తేడా నమూనా తీయడంలో వచ్చే తేడాకు దగ్గర్లోనే ఉంది. సగటు క్లోరిన్ సంఖ్య 3 నుంచి 1.87కు దిగింది, అంతే. ఇది శుద్ధి కాదు, డోవర్‌లో మొదటి 269 రోజుల్లో జరిగినదే.

మోల్స్ తగ్గినప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. నిజంగా విరిగాయా, లేక ఎక్కించిన నీటితో పలచబడ్డాయా? ఈథీన్ కనిపిస్తే జవాబు సులువు. కనిపించకపోయినా విరిగి ఉండొచ్చు. ఇనుప సల్ఫైడ్ ఖనిజాలు టీసీఈని అసిటిలీన్ దారిలో తీసుకెళతాయి. ప్రవాహం అంచున కొంచెం ఆక్సిజన్ తగిలితే వేరే బ్యాక్టీరియా వినైల్ క్లోరైడ్‌ను నేరుగా కార్బన్ డయాక్సైడ్ చేసేస్తుంది. ఇలాంటప్పుడు కార్బన్-13 (బరువైన కార్బన్) నిష్పత్తి పరీక్ష తేలుస్తుంది. బ్యాక్టీరియా తేలికైన కార్బన్ ఉన్న అణువులను ముందు విరగ్గొడుతుంది, మిగిలిన వాటిలో కార్బన్-13 పెరుగుతుంది. పలచబడితే ఆ నిష్పత్తి మారదు.

నమూనా తీసే చోట నిర్లక్ష్యం ఉంటే ఈ లెక్కలన్నీ గాలికి పోతాయి, నిజంగా గాలికే. వినైల్ క్లోరైడ్, ఈథీన్ రెండూ వాయువులు. పంపును నిమిషానికి అర లీటరు మించకుండా నడపాలి. ఆక్సిజన్, ఓఆర్పీ, పీహెచ్, కండక్టివిటీ వరుసగా మూడు సార్లు ఒకేలా వచ్చాకే సీసా నింపాలి. 40 మిల్లీలీటర్ల గాజు సీసాను గోడ వెంట నెమ్మదిగా, అంచు మీద నీరు ఉబ్బే దాకా నింపి మూత బిగించాలి. తలకిందులు చేసి వేలితో తట్టినప్పుడు బుడగ పైకి లేచిందంటే ఆ సీసా పనికి రాదు, కొత్తది తీసుకోవాలి. బెయిలర్‌తో చేదినట్టు తోడిన నీటిలో ఈథీన్ కోసం వెతకడం అనవసరం.

ఎక్కడ బెడిసికొడుతుంది

అన్నిటికంటే తరచుగా దెబ్బతీసేది పీహెచ్. క్లోరిన్ ఊడినప్పుడు పుట్టే ఆమ్లం కొంచెమే. మేత కుళ్లినప్పుడు పుట్టే అసిటిక్, ప్రొపియోనిక్ ఆమ్లాలే అసలు భారం. పీహెచ్ 6 కిందికి దిగగానే డీహాలోకొక్కోయిడిస్ మందగిస్తుంది, 5.5 దగ్గర దాదాపు ఆగుతుంది. సిస్-డీసీఈ దాకా తెచ్చే రకాలు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంటాయి. దాంతో సిస్-డీసీఈ పేరుకుంటుంది, “బ్యాక్టీరియా చాలలేదు” అని మళ్లీ కల్చర్ కొంటారు, అదీ చస్తుంది. నీటి ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) తక్కువున్న చోట మేతతో పాటే సోడియం బైకార్బనేట్ కలపాలి. ఎక్కువ కాలం నిలవాలంటే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ సన్నపొడిని ఎమల్షన్‌లో కలుపుతారు. ఎంత కలపాలన్నది ఆ స్థలపు మట్టితో పరీక్షించే తేల్చాలి, నీటి పరీక్షతో కాదు, ఎందుకంటే ఆమ్లాన్ని దాచుకునేది మట్టే.

సల్ఫేట్ ఎక్కువున్న చోట సల్ఫైడ్ పుడుతుంది. నేలలో ఇనుము సరిపడా ఉంటే నల్లటి ఇనుప సల్ఫైడ్‌గా దిగిపోతుంది, బావి తెరలకు నల్లటి జిగురు పడుతుంది. ఇనుము లేకపోతే సల్ఫైడ్ నీటిలోనే మిగిలి డీహాలోకొక్కోయిడిస్‌నే అడ్డుకుంటుంది. ఇనుప లవణం కలపడం దీనికి మందు. ఇంతకంటే గంభీరమైనది ఆర్సెనిక్. ఆక్సిజన్ లేని స్థితిలో నేలలోని ఇనుప తుప్పు కరుగుతుంది, దానికి అంటుకుని ఉన్న ఆర్సెనిక్, మాంగనీస్ కూడా కరుగుతాయి. సాధారణంగా ప్రవాహం ముందుకు పోయి ఆక్సిజన్ తగిలిన చోట అవి మళ్లీ దిగిపోతాయి. ఆ దూరంలోపు తాగునీటి బోరు ఉంటే ఈ పద్ధతిని అక్కడ మొదలుపెట్టనే కూడదు. మీథేన్ సంగతీ ఇంతే. గాలిలో 5 శాతం దాటితే పేలే వాయువు అది. పైన భవనం ఉంటే నేల కింద గాలిని కొలిచే ఏర్పాటు ముందే ఉండాలి.

ద్రావకం ముద్దలా ఉన్న చోట, అంటే కరగకుండా ద్రవంగానే నేలలో కూర్చున్న చోట, లెక్క మారుతుంది. టీసీఈ నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. నీటిమట్టం దాటి కిందికి దిగి, బంకమట్టి పొర మీద గుంటల్లో నిలుస్తుంది. ఒక లీటరు టీసీఈ 29 కోట్ల లీటర్ల నీటిని 5 మైక్రోగ్రాముల పరిమితికి తీసుకెళ్లగలదు. అలాంటి చోట బ్యాక్టీరియా పక్కనుంచి కరిగినదాన్ని తింటుంది, కరగడం వేగమవుతుంది, కానీ ముద్ద అయిపోవడానికి ఏళ్లు పడుతుంది. బంకమట్టిలోకి దశాబ్దాలుగా ఇంకిన టీసీఈ మరీ మొండిది. ఇసుకలో నీరు శుభ్రపడ్డాక అది వెనక్కి ఊరుతుంది. అందుకే మేత అయిపోయాక కనీసం ఏడాది పాటు, అన్ని కాలాల్లోనూ కొలవకుండా పని ముగిసిందని ప్రకటించకూడదు.

హైదరాబాద్ రాయిలో

పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల వంటి పారిశ్రామిక వాడల చుట్టూ భూగర్భజల కాలుష్యం ఏళ్లుగా నమోదవుతున్నదే. ఈ పద్ధతిని ఇక్కడికి తెచ్చేటప్పుడు ఒకటి అనుకూలం. డీహాలోకొక్కోయిడిస్‌కు 25 నుంచి 30 డిగ్రీలు ఇష్టం. డెలావేర్ చలి నీటికంటే దక్కన్ బోరు నీరు దానికి సుఖం, పని వేగంగా సాగాలి.

మిగతావన్నీ కష్టాలే. ఇక్కడ ఇసుక పొరలు లేవు. పైన 10 నుంచి 20 మీటర్ల మేర చివికిన గ్రానైట్, దాని కింద పగుళ్లున్న రాయి. పగుళ్ల రాయిలో నీరు పట్టే ఖాళీ ఒక శాతం లోపే. పైన 450 ఘనపు మీటర్లు పట్టిన పట్టీలో ఇక్కడ పట్టేది 18 ఘనపు మీటర్ల లోపే. ఇసుక లెక్కతో 350 ఘనపు మీటర్ల ఎమల్షన్ ఎక్కిస్తే అది పగులు వెంట పరిగెత్తి ఎవరి బోరులోనో పాలనీళ్లుగా తేలుతుంది. 10 మీటర్ల దూరంలో ఉన్న రెండు బోర్లలో ఒకటి నీళ్లిస్తే ఇంకొకటి ఎండుగా ఉండటం ఇక్కడ మామూలే, కాబట్టి సమాన దూరాల్లో వరుసగా బావులు వేసి ప్రయోజనం లేదు. రంగు ద్రావణం లేదా ఉప్పు నీరు పంపి ఏ పగులు ఏ బోరుకు కలుస్తుందో ముందు చూడాలి. చుట్టుపక్కల వ్యవసాయ బోర్లు నడిచే రోజుల్లో ప్రవాహం దిశ ఒకటి, కరెంటు లేని రోజుల్లో ఇంకొకటి. వానలకు నీటిమట్టం మీటర్ల కొద్దీ లేచినప్పుడు కొత్త ఆక్సిజన్, ఎరువుల నైట్రేట్ దిగుతాయి. తెలంగాణ బోరు నీటిలో నైట్రేట్ 45 మిల్లీగ్రాముల పరిమితి దాటడం చాలా చోట్ల ఉన్నదే, మేత లెక్కలో దాని వాటా ముందే వేయాలి.

ఇంకా పెద్ద చిక్కు ద్రావకాల మిశ్రమం. బల్క్ డ్రగ్ పరిశ్రమలు వాడే ద్రావకాల్లో డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్, టొలీన్, మిథనాల్ ముఖ్యమైనవి. మిథనాల్, టొలీన్ మేతగా కలిసొస్తాయి. క్లోరోఫామ్ మాత్రం లీటరుకు కొన్ని వందల మైక్రోగ్రాములున్నా వినైల్ క్లోరైడ్ మెట్టును అడ్డుకుంటుంది. అలాంటి నీటిలో ఎంత మంచి కల్చర్ పోసినా ఈథీన్ రాదు. ముందు క్లోరోఫామ్‌ను డైక్లోరోమీథేన్‌గా మార్చే డీహాలోబ్యాక్టర్ రకాలు, ఆ డైక్లోరోమీథేన్‌ను పులియబెట్టి అసిటేట్ చేసే రకాలు పని ముగించాలి. డీహాలోకొక్కోయిడిస్ వంతు ఆ తర్వాతే. ఆ స్థలపు నీటిని, తవ్వి తీసిన చివికిన రాతిపొడిని 250 మిల్లీలీటర్ల సీసాల్లో నైట్రోజన్ కింద మూసి చూడటం దీనికి చవకైన దారి. క్రిములను చంపిన సీసాలు, ఏమీ కలపనివి, మేత మాత్రమే వేసినవి, మేతతో పాటు కల్చర్ వేసినవి, ఒక్కో రకం మూడు చొప్పున పెట్టి, 28 డిగ్రీల దగ్గర మూడు నుంచి ఆరు నెలలు కొలవాలి. మేత సీసాల్లో క్లోరోఫామ్ దానంతట అది దిగితే ఒక్క కల్చర్‌తో సరిపోతుంది. దిగకపోతే రెండు కల్చర్లు కావాలి, వాటి మధ్య ఎన్ని వారాల ఎడం ఉండాలో కూడా ఆ సీసాలే చూపిస్తాయి.